కాగితంలో చుట్టిన మాత్ర

భీష్మ ఏకాదశి దగ్గర పడుతోందంటే రాజోలులో మా మందుల షాపుకి ఒక మాత్ర కోసం గిరాకీ వస్తుంది. అంతర్వేది తీర్థానికి బయలుదేరే ఆడవాళ్లు వారం ముందు నుంచే ఒక్కొక్కరూ వస్తారు. కౌంటరు దగ్గర మగవాళ్లుంటే అద్దాల బీరువాలో సబ్బులూ పౌడర్లూ చూస్తున్నట్టు పక్కన నిలబడతారు. షాపు ఖాళీ అయ్యాక గొంతు తగ్గించి, "డేటు వెనక్కెళ్లే బిళ్లలు ఇవ్వండి అమ్మగారూ" అంటారు. శ్రావణ శుక్రవారాలకీ ఇదే వరస. సంక్రాంతికీ, పెళ్లిళ్లకీ ఇదే. ఒకావిడ, ఇంటాయన అయ్యప్ప మాల వేసుకున్నాడని, నలభై ఒక్క రోజులకీ సరిపడా లెక్కగట్టి ఇవ్వమంది.

ఆ మాత్ర పేరు నోరెథిస్టిరాన్. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. నేనూ ఇచ్చాను. షాపు పెట్టిన తొలి పదేళ్లలో లెక్కలేనన్ని అట్టలు ఇచ్చాను, దాచుకోవడం దేనికి? నెలసరి రావాల్సిన రోజుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు చొప్పున మింగుతారు. అంత మోతాదులో వేసుకున్నప్పుడు అందులో కొంత భాగం ఒంట్లో ఇథినైల్ ఈస్ట్రాడయాల్ అనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. గర్భం రాకుండా వాడే నెల మాత్రల్లో ఉండేదీ సరిగ్గా అదే. కాబట్టి రక్తం గడ్డకట్టే గుణం ఉందా, పక్షవాతం వచ్చిందా అని ఆ మాత్రలకు అడగాల్సిన ప్రశ్నలన్నీ దీనికీ అడగాలి. ఎవరూ అడగరు. అడిగితే, "దేవుడి పనమ్మా, ఏమీ కాదు" అంటారు.

ఇదే మనిషికి ఇంకో సందర్భంలో, చంకలో ఏడాదిన్నర బిడ్డ, కడుపులో మళ్లీ భయం అన్నట్టు వచ్చినప్పుడు, "నెల మాత్రలు వాడచ్చు కదా" అన్నాననుకోండి. "అమ్మో! ఒళ్లొస్తుందంట. కేన్సరంట. తర్వాత ఇంక పిల్లలే పుట్టరంట." మాల వేసుకున్న మొగుడి కోసం ఆరు వారాలు హార్మోను మింగడానికి లేని భయం, మాలా-డి అనేసరికి ఎక్కణ్నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఇరవై ఎనిమిదేళ్లుగా కౌంటరు వెనక నిలబడుతున్నాను. ఫార్మసీ చదివాను కాబట్టి షాపు లైసెన్సు నా పేరునే ఉంది. రాత్రి పదింటికి షట్టరు సగం దించాక బండి ఇంజను ఆపకుండా వచ్చే కుర్రాళ్లు అడిగేది వేరే మాత్ర. అదీ కాగితంలో చుట్టి ఇవ్వాలి. గర్భనిరోధక మాత్ర అనే ఒక్క మాట కింద మూడు నాలుగు వేర్వేరు మందుల్ని మన జనం కలిపేశారు. ఒకదాని పాపం ఇంకోదానికి అంటగడుతున్నారు. ఒకదాని చనువు ఇంకోదానికి ఇస్తున్నారు. నా గొడవంతా ఇక్కడే.

ముందు ఆ రాత్రి మాత్ర సంగతి. అందులో ఉండేది లెవోనార్జెస్ట్రెల్, ఒకటిన్నర మిల్లీగ్రాములు. నెల మాత్ర ఒక్కోదానిలో ఇదే మందు 0.15 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే పది రోజుల సరుకు ఒక్క గుటకలో. దీంతో ప్రాణం మీదికేం రాదు. అవసరం పడినప్పుడు మంచి మందే, చీటీ అక్కర్లేకుండా దొరకడమూ మంచిదే. కలిసిన తర్వాత ఎంత తొందరగా వేసుకుంటే అంత పనిచేస్తుంది, మూడు రోజుల్లోపు వేసుకోవాలి. గర్భం అప్పటికే నిలిచి ఉంటే దాన్ని ఏమీ చెయ్యదు. కడుపు పోయే మాత్రలు వేరు, అవి డాక్టరు చేతుల మీదుగా తప్ప వాడకూడదు. ఈ తేడా తెలియక నెల తప్పిన పదిహేను రోజులకు వచ్చి "ఆ ఒక్క బిళ్లదే ఇవ్వండి" అనేవాళ్లున్నారు. ఇంకోవైపు నెలకు నాలుగుసార్లు ఇదే కొనుక్కెళ్లే జంటలూ ఉన్నారు. వాళ్లకు చెప్తాను, "ఇది ఇల్లు అంటుకున్నప్పుడు పిలిచే ఫైరింజనండీ, రోజూ దీంతోనే మొక్కలకు నీళ్లు పోస్తారా" అని. నవ్వేసి వెళ్లిపోతారు. రోజూ వేసుకునే మాత్ర కంటే ఇది తక్కువ నమ్మకమైనది, ఖరీదూ ఎక్కువే. అయినా రోజూ మింగడమంటే కాపురం గురించి ముందే ఆలోచించినట్టవుతుంది. అది సిగ్గు. ఒక రాత్రి పొరపాటుకైతే అంత సిగ్గుండదు కాబోలు.

ఇక అసలు మాత్ర. దూరదర్శన్‌లో మాలా-డి ప్రకటన వస్తుంటే మా నాన్న లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవారు. ఆ అట్ట ఇప్పటికీ ఉంది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేదాన్ని మాలా-ఎన్ అంటారు, ఎర్ర త్రికోణం గుర్తుతో ఆశా కార్యకర్త సంచీలో ఉంటుంది. అట్టకు 28 మాత్రలు. 21 తెల్లవి, వాటిలో హార్మోన్లు ఉంటాయి. 7 ముదురు గోధుమ రంగువి, ఇనుము మాత్రలు. రోజూ మింగే అలవాటు తప్పకుండా, రక్తం పట్టేలా పెట్టారవి. నెలసరి వచ్చేది ఆ ఏడు రోజుల్లోనే. "నల్ల బిళ్లలు వేసుకుంటే రక్తస్రావం అవుతోంది, పడట్లేదు" అని ఆపేసి వచ్చినవాళ్లు నాకు కనీసం పాతిక మంది తగిలారు. అట్ట చేతిలో పెట్టేవాళ్లు ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. కార్తీక సోమవారం ఉపవాసమని మాత్ర మానేసిన ఆవిడ కూడా ఉంది. మందుకు ఉపవాసం లేదమ్మా, మంచినీళ్లతో మింగెయ్ అని చెప్పాను, అప్పటికే మూడు సోమవారాలు అయిపోయాయి.

తప్పకుండా రోజూ ఒకే వేళకు వేసుకుంటే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికి మాత్రమే గర్భం వస్తుంది. మనుషులు మరిచిపోతారు కనుక వాస్తవంలో నూటికి ఏడుగురికి వస్తుంది. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజు మాత్ర ఆ రోజు వేసుకోవచ్చు. వరసగా రెండు మూడు తప్పితే వారం రోజులు నిరోధ్ వాడాలి. కువైట్ నుంచి, దుబాయ్ నుంచి ఆయన సెలవు మీద వస్తున్నాడని విమానం దిగిన రోజున మాత్ర మొదలుపెట్టే వాళ్లు మా ప్రాంతంలో చాలామంది. నెలసరి మొదలైన అయిదు రోజుల్లోపు మొదలుపెడితే సరే. మధ్యలో మొదలుపెడితే మొదటి వారం దాని రక్షణ ఉండదు. మరి ఆ మొదటి వారమే కదా!

ఒళ్లొస్తుందనే మాట పరీక్షలకు నిలబడలేదు. కొంతమందికి మొదట్లో వికారం, రొమ్ముల నొప్పి, నెల మధ్యలో మరకలు, మనసు బాగోకపోవడం ఉంటాయి, మూడు నెలల్లో చాలామందికి సర్దుకుంటాయి, కొందరికి సర్దుకోవు, వాళ్లు మానెయ్యాలి. పిల్లలు పుట్టరనేది శుద్ధ అబద్ధం. ఆపిన కొద్ది నెలల్లో అండం మామూలుగా విడుదలవుతుంది. ఎక్కువమందికి ఏడాదిలోపు గర్భం వస్తుంది. కేన్సర్ మాట మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు. మాత్ర వాడుతున్న కాలంలో రొమ్ము కేన్సర్ ప్రమాదం కొద్దిగా పెరుగుతుంది, మానేశాక ఏళ్ల మీద తగ్గిపోతుంది. అయిదేళ్లు దాటి వాడితే గర్భాశయ ముఖద్వార కేన్సర్ విషయంలోనూ అంతే. అదే మాత్ర అండాశయ కేన్సర్‌నూ, గర్భసంచి లోపలి పొర కేన్సర్‌నూ తగ్గిస్తుంది. 21 దేశాల్లో జరిగిన 45 అధ్యయనాలను కలిపి చూసి 2008లో లాన్సెట్‌లో వేసిన లెక్క ప్రకారం, వాడిన ప్రతి అయిదేళ్లకూ అండాశయ కేన్సర్ ముప్పు సుమారు అయిదో వంతు తగ్గుతుంది. మానేసిన ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా ఆ మేలు కొంత మిగిలి ఉంటుంది. మా పేటలో "కేన్సరంట" అనేవాళ్లెవరూ ఈ రెండో సగం వినలేదు.

అసలు భయపడాల్సింది ఎక్కడో నాకు పుస్తకం కంటే ముందు నా తలకాయ చెప్పింది.

1999లో మా పెద్దాడికి పాలు మాన్పించాక నా షాపులో మాత్ర నేనే తీసుకుని వేసుకున్నాను. చీటీ లేదు, బీపీ చూసుకోలేదు, ఫార్మసీ చదివినదాన్నన్న ధీమా ఒకటి. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం చీటీ చదువుతుంటే అక్షరాల పక్కన మెరుపు గీతలు కనబడ్డాయి. ముగ్గులో చుక్కల చుట్టూ తిప్పినట్టు వంకర్లు తిరుగుతూ, వెలుగుతూ ఆరుతూ పెద్దవవుతున్నాయి. ఆ పక్కనున్న అక్షరాలు మాయమయ్యాయి. పావుగంట తర్వాత గీతలు పోయి సగం తలలో నొప్పి మొదలైంది. ఎండకనుకున్నాను. పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. కాకినాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వేరే పని మీద వెళ్లి మాటల్లో చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"ఏమన్నా మాత్రలు వాడుతున్నావా?"

"నెల మాత్రలండి."

"ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చుకున్నానండి."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కంటి ముందు ఇలా గీతలు, మచ్చలు వచ్చి ఆ తర్వాత వచ్చే తలనొప్పి ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర అసలు వాడకూడదని, పక్షవాతం ముప్పు పెరుగుతుందని చెప్పింది. ఆ రోజే ఆపేశాను, కాపర్-టీ వేయించుకున్నాను. ఇప్పుడైతే ఛాయ మాత్ర వాడేదాన్నేమో. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థవాళ్లు తయారు చేసిన మందు, సహేలీ పేరుతో 1991లో బజారుకు వచ్చింది, హార్మోను కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. ఇప్పుడు ప్రభుత్వమే ఛాయ పేరుతో ఉచితంగా ఇస్తోంది.

అప్పటి నుంచి మా కౌంటరు మీద ఒక బీపీ మిషనుంది, పక్కన ఒక స్టూలు ఉంది. మాత్ర అడిగిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి అడుగుతాను. కళ్ల ముందు గీతలొచ్చి తలనొప్పి వస్తుందా? కాలు పిక్క వాచి రక్తం గడ్డకట్టిందని ఎప్పుడైనా అన్నారా, మీ అమ్మకో అక్కకో అలా అయిందా? ముప్ఫై అయిదు దాటిందా, చుట్టో సిగరెట్టో తాగే అలవాటుందా? మా లంకల్లో పెద్దవయసు ఆడవాళ్లు అడ్డచుట్ట తాగుతారు, అందుకే చుట్ట అని విడిగా అడుగుతాను. బిడ్డ పుట్టి ఎన్నాళ్లయింది, పాలిస్తున్నారా? కామెర్లు గానీ, రొమ్ములో గడ్డ గానీ? టీబీ మందులో, ఫిట్స్ మందులో వాడుతున్నారా? ఆఖరిది చాలామంది తేలిగ్గా తీసేస్తారు. టీబీకిచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్, కార్బమజిపైన్ ఈ మాత్రను ఒంట్లోంచి తొందరగా తోసేస్తాయి. మాత్ర మింగుతూనే గర్భం వస్తుంది. ఇవన్నీ అడగడానికి నాకు పట్టే సమయం నాలుగు నిమిషాలు. బీపీ 140/90 ఉన్నా, దాటినా ఇవ్వను, డాక్టరు దగ్గరికి పంపిస్తాను.

ఈ ప్రశ్నలన్నిటి వెనక ఉన్న అంకె ఎంత? మాత్ర వాడని పదివేల మంది ఆడవాళ్లలో ఏడాదికి ఇద్దరికి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న పాత రకం మాత్ర, అంటే మన మాలా, వాడేవాళ్లలో అయిదుగురి నుంచి ఏడుగురికి. డ్రోస్పిరెనోన్, డెసోజెస్ట్రెల్ లాంటివి ఉన్న కొత్త రకాల్లో తొమ్మిది మంది నుంచి పన్నెండు మందికి. ఖరీదైన రంగుల పెట్టె ఎక్కువ క్షేమం అనుకుంటారు, ఈ ఒక్క విషయంలో ఉచితంగా ఇచ్చే అట్టే నయం. మరి గర్భిణుల్లో? పదివేలకు అయిదు నుంచి ఇరవై. కాన్పయిన తర్వాతి వారాల్లో ఆ వేగం నలభై నుంచి అరవై అయిదుకు చేరుతుంది. మాత్రకు భయపడి వద్దనుకున్న గర్భం మోసేవాళ్లు ఏ భయాన్ని ఇచ్చి ఏ భయాన్ని కొనుక్కుంటున్నారో చూడండి.

కొన్నాళ్ల కిందట ఒక తల్లి అమలాపురం నుంచి చీటీ పట్టుకొచ్చింది. పంతొమ్మిదేళ్ల అమ్మాయికి పీసీఓడీ, నెలసరి మూడు నెలలకోసారి వస్తోంది, గడ్డం మీద వెంట్రుకలు. రాసింది డ్రోస్పిరెనోన్ మాత్ర. అరగంటలో తల్లి వెనక్కొచ్చింది, ఫోనులో ఎవరో వెతికి చెప్పారట. పెట్టె కౌంటరు మీద పెట్టి, "పెళ్లికాని పిల్లకి ఈ మాత్రలిస్తారా, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు" అంది. నేను బెదిరిపోయిన సంగతి ఒప్పుకోవాలి, ఎందుకంటే ఆవిడ గొంతుకు బజారంతా తిరిగి చూసింది. నెలసరి క్రమంగా రావడానికి, గర్భసంచి లోపలి పొర మందంగా పేరుకుపోకుండా ఉండడానికి ఇదే మందు ఇస్తారని, నెలసరి లేకుండా ఏళ్లు గడిస్తే ఆ పొరకే జబ్బు వస్తుందని చెప్పాను. ఆవిడ తిరిగి తీసుకెళ్లింది గానీ, మాత్రల్ని వేరే డబ్బాలోకి మార్చి ఇవ్వమంది. అట్టలోంచి తీస్తే వరస తప్పుతుందని ఆ ఒక్కటీ ఒప్పుకోలేదు. నిజానికి ఆ అమ్మాయిని కూడా ఆ స్టూలు మీద కూర్చోబెట్టి ఉండాల్సింది. పిల్ల రాలేదు, తల్లే వచ్చింది.

మన రాష్ట్రం లెక్కలు చూస్తే నాకు సిగ్గనిపిస్తుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన, 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. దేశం మొత్తం మీద అది 38 శాతం. నెల మాత్రలు దేశంలో నూటికి అయిదుగురు వాడుతుంటే, మన దగ్గర నూటికి ఒకరు కూడా లేరు. మగవాళ్ల ఆపరేషనూ నూటికి ఒకటి లేదు, అది తక్కువ కోతే అయినా, తక్కువ ఖర్చే అయినా. మన ఆడపిల్లకు పంతొమ్మిదికో ఇరవైకో పెళ్లి, ఇరవై మూడుకు ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోపాటే కత్తి. మధ్యలో ఎడం పెట్టుకోవడమనే మాటే మన కుటుంబ నియంత్రణలో లేదు. దాన్ని గొప్ప విజయమని ఇన్నాళ్లూ చెప్పుకున్నాం.

ఇంకో లెక్క ఉంది. యాభై ఏళ్లలోపే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో ముందు వరసలో ఉన్నాయి. "పిల్లలు పుట్టేశారు, ఇంక ఆ సంచీ ఎందుకు" అనే మాట మా ఊళ్లో చీర పాతదయింది అన్నంత తేలిగ్గా అంటారు. ఎక్కువ రక్తస్రావం ఉన్నవాళ్లలో చాలామందికి ఈ చిన్న మాత్రే కొన్ని నెలలు వాడి చూడొచ్చు, రక్తం పోవడం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. అందరికీ కాదు. గడ్డలున్నవాళ్లూ, కేన్సర్ అనుమానం ఉన్నవాళ్లూ వేరు. కానీ ముప్ఫై రెండేళ్ల కూలిమనిషి పుస్తెలు తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించుకుని, ఆర్నెల్లకు ఒంట్లో ఆవిర్లు, కీళ్లనొప్పులు అంటూ కాల్షియం బిళ్లల కోసం నా దగ్గరికే వస్తే, ఆ ముందు ఎవరైనా ఆవిడకు మాత్ర మాట చెప్పారా అని అడుగుతాను. చెప్పారన్నవాళ్లను నేను చూసింది తక్కువ.

మందు పెట్టెలో ఒక మడత కాగితం ఉంటుంది, చూసే ఉంటారు. దానికో కథ ఉంది. అమెరికాలో 1960లో మొదటి మాత్రకు అనుమతి ఇచ్చినప్పుడు అందులో ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములు, ఇప్పటి మాలాలో 30. అంతకుముందు పోర్టోరికోలో పేద ఆడవాళ్ల మీద పరీక్షించారు, అది పరీక్ష అని కూడా వాళ్లకు సరిగా చెప్పలేదు. రక్తం గడ్డలతో కొందరు చనిపోయాక, 1970లో వాషింగ్టన్‌లో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ విచారణ పెట్టారు. సాక్ష్యం చెప్పడానికి మాత్ర వాడిన ఆడమనిషిని ఒక్కర్ని కూడా పిలవలేదు. ప్రేక్షకుల్లో కూర్చున్న ఆడవాళ్లు లేచి అరిచారు. ఆ గొడవ వల్లే మాత్రతోపాటు ప్రమాదాలు రాసిన కాగితం ఇవ్వాలనే నియమం వచ్చింది. మా షాపులో ఉన్న పెట్టెల్లోనూ కాగితం ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. నాకే భూతద్దం కావాలి.

దీన్ని తెలుగులో, పెద్ద అక్షరాల్లో వెయ్యడానికి ఏం ఖర్చవుతుంది? ఆశా కార్యకర్త సంచీలో అట్టతోపాటు ఆ ప్రశ్నలున్న కార్డు ఒకటి, ఉపకేంద్రంలో పనిచేసే బీపీ మిషను ఒకటి ఉండాలి. మందుల షాపులవాళ్లం డేటు బిళ్లలు చీటీ లేకుండా ఇవ్వడం మానాలి. నేను మానేసి పద్దెనిమిదేళ్లయింది, తీర్థం రోజుల్లో నా గిరాకీ పక్క షాపుకు పోతుంది, పోనీ. అసలు ముట్టయితే దేవుడికి దూరమా అనే ప్రశ్న నా కౌంటరు మీద తేలేది కాదు గానీ, దానికోసం మింగే మందును మాత్రం మందుగానే చూడమంటాను.

మొన్న వేసవిలో ఒకమ్మాయి వచ్చింది. ఆయన కువైట్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చాడు, ఇద్దరు పిల్లలు, మూడోది వద్దు. స్టూలు మీద కూర్చోబెడితే బీపీ 152/98. మళ్లీ పదినిమిషాలాగి చూశాను, అంతే. మాత్ర ఇవ్వనన్నాను. "డబ్బులిస్తానంటే ఇవ్వనంటారేంటండీ" అని మొహం ముడుచుకుని వెళ్లిపోయింది. ఎదురు షాపులో కొనుక్కుందని తర్వాత తెలిసింది. నేను వాళ్లత్తగారి ఫోనుకు రెండుసార్లు చేశాను. మూడో రోజు మొగుడూ పెళ్లామూ కలిసి వచ్చారు, ఆ మాత్ర తలనొప్పి చేస్తోందట. ఆసుపత్రిలో బీపీ చూపించుకోమని చెప్పి, ఆయన వైపు తిరిగి, "అందాకా బాధ్యత మీదే, నిరోధ్ వాడండి" అన్నాను. ఆయన నేల చూపులు చూస్తూ "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ప్యాకెట్ తీసి కౌంటరు మీద పెట్టాను.

చుట్టూ ఒకసారి చూసి, "కాగితంలో చుట్టివ్వండమ్మగారూ" అన్నాడు.